బైనాక్యులర్ కొనబోతున్నారా? పెట్టె మీది అంకెలు, మన అపోహలు

పక్షులను చూడటానికి కొత్తగా వచ్చేవాళ్లతో ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు గట్టు మీద తిరుగుతుంటాను. మొన్న ఒకాయన మెడలో సొరకాయలంత బైనాక్యులర్ వేలాడేసుకుని వచ్చారు. ‘‘ఇరవై రెట్లు పెద్దగా చూపిస్తుందండీ’’ అన్నారు. ఎదురుగా తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట చేపను కొమ్మకేసి బాదుతోంది. మేమంతా చూస్తున్నాం. ఆయనకు మాత్రం కాసేపు నీళ్లు, కాసేపు ఆకాశం, మళ్లీ నీళ్లు. కొమ్మ దొరికేసరికి పిట్ట లేదు.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే అంత మంచిది.

వాస్తవం: పిట్టతో పాటు మన చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. కనిపించే మేరేమో తగ్గుతుంది. మంచి 8 రెట్ల బైనాక్యులర్‌లో కిలోమీటరు దూరాన సుమారు 130 మీటర్ల వెడల్పు కనిపిస్తే, 10 రెట్లలో అది 110 దగ్గరకు వస్తుంది, 20 రెట్లలో 60 కూడా గగనమే. ఆకుల చాటున గంతులేసే తేనెపిట్టను అంత ఇరుకులోంచి వెతికి పట్టుకోవడం నా వల్ల కూడా కాదు. పులికాట్ లాంటి చోట, ఎక్కడో నీళ్లలో నిలబడ్డ రాజహంసలకు 10 పనికొస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు నేను 8 అనే చెబుతాను. జూమ్ రకాలైతే అసలు వద్దు. తక్కువ రెట్ల దగ్గర ఇరుకు, ఎక్కువ రెట్ల దగ్గర మసక.

అపోహ: 8×42లో 42 అంటే ఎంత దూరం కనిపిస్తుందో చెప్పే అంకె.

వాస్తవం: ‘ఎన్ని కిలోమీటర్లు కనిపిస్తుంది?’ అని దుకాణంలో అడగని వాళ్లు అరుదు. చందమామ ఉత్త కంటికే కనిపిస్తాడు కదా, ఏమని చెప్పాలి! 8 అంటే ఎన్ని రెట్లో; 42 అనేది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని 8తో భాగిస్తే 5.25. కంటి వైపు బయటికొచ్చే వెలుగు బిళ్ల వ్యాసం అది. జేబులో పట్టే 10×25లో ఆ బిళ్ల 2.5 మిల్లీమీటర్లే. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప కూడా అంతకే ముడుచుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. కానీ పిట్టలు హుషారుగా ఉండేది ఇంకా వెలుగు పూర్తిగా రాని వేళ. అప్పుడు కంటిపాప విచ్చుకుని ఉంటుంది, చిన్న బైనాక్యులర్ దానికి చాలినంత వెలుగు అందించలేదు. అలాగని 50కి పోతే బరువు కిలో దగ్గరకు చేరుతుంది, గంటలో మెడ లాగుతుంది.

ఆ వెలుగు బిళ్లను కొనే ముందే చూడొచ్చు. బైనాక్యులర్‌ను ఆకాశం వైపు పెట్టి, చేతులు చాచి, కంటి వైపు అద్దాల్లోకి దూరం నుంచి చూడండి. రెండు తెల్లటి బిళ్లలు కనిపిస్తాయి. అవి నిండు గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు పలకలుగా, బూడిదరంగు నీడతో ఉంటే లోపలి పట్టకాలు చవకరకం అన్నమాట.

అపోహ: ఎర్రగా మెరిసే అద్దాలు నాణ్యమైనవి.

వాస్తవం: అద్దం ఎర్రగా మెరుస్తోందంటే ఎరుపును లోపలికి రానీయక వెనక్కి తిప్పికొడుతోందని అర్థం. పికిలిపిట్టను గుర్తుపట్టేదే తోక కింది ఎరుపుతో. అదే వెలిసిపోతే ఇంకేం చూస్తాం?

అపోహ: సినిమాల్లో చూపించినట్టు రెండు గుండ్రాలు పక్కపక్కన కనిపిస్తాయి.

వాస్తవం: అలా కనిపిస్తే రెండు గొట్టాల ఎడం మీ కళ్ల ఎడానికి కుదరలేదన్నమాట. మధ్య కీలు దగ్గర వంచుతూ పోతే రెండూ కలిసి ఒకే వృత్తం అవుతాయి. ఆ తర్వాత కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి అద్దం దగ్గరి వలయాన్ని తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. చాలా బైనాక్యులర్లలో ఆ వలయం కుడివైపే ఉంటుంది. దాని మీద గీత ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటే, పక్కవాళ్లు తీసుకుని తిప్పేసినా మళ్లీ సరిచేసుకోవచ్చు. ‘నా బైనాక్యులర్ బాగాలేదు, తలనొప్పి వస్తోంది’ అని చేతికిచ్చినవాటిలో సగానికి నేను చేసిన మరమ్మతు ఇంతే.

కళ్లజోడు వాళ్లు జోడు తీయనక్కర్లేదు. కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించి, జోడుతోనే చూడాలి. కాకపోతే కంటికీ అద్దానికీ మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల దూరం ఉన్నా వృత్తం మొత్తం కనిపించే రకం ఎంచుకోవాలి. కొనడానికి దుకాణానికి జోడుతోనే వెళ్లండి.

అపోహ: నీళ్లు చొరబడని రకం పడవల్లో తిరిగేవాళ్లకే.

వాస్తవం: నా మొదటి బైనాక్యులర్‌ను తోలు సంచిలో పెట్టి, వానాకాలమంతా బీరువాలో ‘భద్రంగా’ దాచాను. దసరాకు తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు! నీళ్లు చొరబడకుండా నత్రజని నింపి మూసిన రకంలోకి తేమ అంత సులువుగా చేరదు. మామూలు రకమే ఉంటే గాలి చొరబడని డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. తోలు సంచి మాత్రం బయటే ఉండనివ్వండి.