అపోహలు – వాస్తవాలు: కృష్ణబిలం దేన్నీ పీల్చుకోదు

పోయిన వారం పర్లాకిమిడిలో మా ఇంటికి పాఠాలకు వచ్చే పదో తరగతి పాప ఫోను చూపించి, "మాస్టారూ, కృష్ణబిలం (బ్లాక్ హోల్) భూమిని మింగేస్తుందట, నిజమేనా?" అని అడిగింది. రెండు రాత్రులుగా నిద్రపోవడం లేదని వాళ్ళమ్మ చెప్పింది. అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్-కిరణాల సమాచారంతో పనిచేసే నన్ను ఏళ్ళ తరబడి అందరూ అడిగేది ఇదే. పిల్లలను ఇలా భయపెట్టే వీడియోలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: కృష్ణబిలం చుట్టూ ఉన్నదంతా పీల్చేసుకుంటుంది.

వాస్తవం: సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం ఉన్నా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది. వెలుగు, వేడి ఉండవు, అంతే. మనకు తెలిసినవాటిలో అతి దగ్గరిదైన గాయా బీహెచ్1 కూడా సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

వరదల్లో మహేంద్రతనయ నది సుడులు చూసి పెరిగినవాళ్ళం మేము. గట్టు మీద నాన్న నా చేయి వదిలేవారు కాదు. అందుకే వాయుచక్రం, అంటే కృష్ణబిలం చుట్టూ పళ్ళెంలా తిరిగే వాయువు, అనగానే మనకు సుడిగుండమే గుర్తొస్తుంది. కానీ వాయువు సులభంగా లోపలికి పడలేదు కాబట్టే ఆ చక్రం ఏర్పడుతుంది! కృష్ణబిలానికి జంటగా ఉన్న నక్షత్రం నుంచి వచ్చే వాయువు గ్రహాల్లాగే చుట్టూ తిరుగుతుంది. ఆ తిరుగుడు ఊపును, అంటే కోణీయ ద్రవ్యవేగాన్ని, వదిలించుకుంటే తప్ప లోపలికి దిగలేదు. ఆ పని చేసేది అయస్కాంత క్షేత్రమని 1991లో శాస్త్రవేత్తలు బాల్బస్, హాలీ వివరించారు. అది పక్కపక్క పొరలను సాగే తీగలా కలిపి పట్టుకుంటుంది. లోపలి పొర నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటి పొర ఇంకా వెలుపలికి జరుగుతుంది. ఈ క్రమంలోనే వాయువు కోటి డిగ్రీల దాకా వేడెక్కి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలం దగ్గర కూడా, పడే ద్రవ్యరాశిలో దాదాపు 6 శాతం ఇలా శక్తిగా బయటికొస్తుంది. సూర్యుణ్ణి వెలిగించే హైడ్రోజన్ సంలీనంలో (అణు కేంద్రకాలు కలిసిపోవడంలో) వచ్చేది 0.7 శాతమే.

అపోహ: 2019లో విడుదలైన, ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం చిత్రంలోని నారింజ రంగు అసలు రంగు.

వాస్తవం: కాదు. అవి రేడియో తరంగాలు. రంగు తర్వాత వేసినది.

అపోహ: వాయుచక్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

వాస్తవం: జంట నక్షత్రం ఉన్న వీ404 సిగ్ని అనే కృష్ణబిలం చుట్టూ ఉన్న చక్రం 1938లో, 1989లో, మళ్ళీ 2015లో భగ్గుమంది. ప్రశాంతంగా ఉన్న కాలంలో చల్లని వాయువు చక్రంలో పేరుకుంటుంది. హైడ్రోజన్ అయనీకరణం చెందేంత (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయేంత) వేడెక్కగానే లోపలికి ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. పోగైనది తరిగాక మళ్ళీ చల్లబడుతుంది.

ఆ పాపకు అది భగ్గుమన్న ఈ మూడు సంవత్సరాలూ కాగితం మీద రాసిచ్చాను. కాసేపు చూసి, "మళ్ళీ ఎప్పుడు వెలుగుతుంది మాస్టారూ?" అని అడిగింది.