పరీక్ష ఎలుకలకు పెట్టారా, విద్యార్థులకా?

అమెరికాలోని నార్త్ డకోటా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రం చదువుతున్న 12 మంది విద్యార్థులకు పరిశోధకులు రాబర్ట్ రోజెంతాల్, కెర్మిట్ ఫోడ్ తలా 5 ఎలుకలు అప్పజెప్పారు. సగం మందితో "మీవి తెలివైన జాతి ఎలుకలు, దారి ఇట్టే పట్టేస్తాయి" అన్నారు. మిగతా సగం మందితో "మీవి కాస్త మొద్దువి" అన్నారు. నిజానికి అన్నీ మామూలు ఎలుకలే. ఏది తెలివైనదో, ఏది మొద్దుదో లాటరీ వేసినట్టు నిర్ణయించారు.

ఇంగ్లిష్ 'టి' అక్షరం ఆకారంలో ఉన్న దారిలో ఎలుకను వదలాలి. ఒక పక్క తెలుపు, మరో పక్క ముదురు బూడిద రంగు. ముదురు రంగు వైపు వెళ్తేనే తిండి. రోజుకు 10 సార్లు చొప్పున 5 రోజులు. 1963లో అచ్చయిన ఫలితాల్లో, తెలివైనవని పేరు పెట్టిన ఎలుకలే బాగా నేర్చుకున్నాయి. 'మొద్దు' ఎలుకలు 29 శాతం సార్లు బయలుదేరే చోటు నుంచి కదలనే లేదు. 'తెలివైన' వాటిలో అది 11 శాతమే.

విద్యార్థులు దొంగలెక్కలు రాసి ఉంటారని వెంటనే అనిపిస్తుంది. కానీ తర్వాత వాళ్లను అడిగినప్పుడు చెప్పినవి చూడండి. మంచి ఎలుకలు దక్కాయనుకున్నవాళ్లకు అవి ముద్దొచ్చాయి. వాటిని ఎక్కువసార్లు, మెత్తగా చేతుల్లోకి తీసుకున్నారు. బెదురు తగ్గిన ఎలుక చురుగ్గా కదిలి ఉండొచ్చు. అంటే నమ్మకం, తమకే తెలియకుండా, వేళ్ల గుండా ఎలుకను చేరింది.

ప్రయోగ పద్ధతుల కోర్సులో చలరాశులు (మారే అంశాలు), నియంత్రణ బృందం (పోల్చి చూడటానికి ఉంచే బృందం), గణాంక పరీక్షలు అన్నీ చెప్తారు. అవన్నీ కావాల్సిందే. కానీ అన్నిటికన్నా ముందు ఒంటబట్టాల్సింది మాత్రం ప్రయోగాన్ని మన నుంచే కాపాడుకోవడం అని నా గట్టి అభిప్రాయం.

ఈ పాఠం పాతదే. 1904లో బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం గిట్టతో నేల తట్టి లెక్కలకు జవాబులిస్తుంటే జనం విరగబడి చూశారు. ఆ గుర్రాన్ని పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆస్కర్ ఫుంగ్స్ట్ చేసిన మార్పు చిన్నది: అడిగే మనిషికే జవాబు తెలియకుండా చేశాడు. అంకెల కార్డుల పరీక్షలో, అడిగేవాళ్లకు అంకె తెలిసినప్పుడు 98 శాతం సరైన జవాబులు చెప్పిన గుర్రం, తెలియనప్పుడు 8 శాతానికి పడిపోయింది. సరైన అంకె దగ్గర అడిగేవాళ్ల తల రవ్వంత కదిలేది. హన్స్ దాన్ని పట్టేసేది.

అందుకే బృందాలు విడదీసేవాళ్లు ఒకరు, ఎవరిది ఏ బృందమో తెలియకుండా కొలిచేవాళ్లు మరొకరు ఉండాలి. సూచనలు అందరికీ ఒకేలా, వీలైతే కంప్యూటర్ తెర మీదే కనిపించాలి.

మనుషులతో ఇంకో చిక్కుంది. వాళ్లు మనకు సాయపడాలని చూస్తారు. మనస్తత్వ పరిశోధకుడు మార్టిన్ ఓర్న్ తన ప్రయోగానికి వచ్చినవాళ్లకు ఒక్కో కాగితం మీద 224 కూడికలున్న 2,000 కాగితాలు ఇచ్చి, ఎప్పుడు విసిగి లేస్తారోనని ఎదురుచూశాడు. గంటలు గడిచినా లేవలేదు. పూర్తయిన ప్రతి కాగితాన్నీ 32 ముక్కలకు తక్కువ కాకుండా చించి పారేయమన్నా చించుతూ కూర్చున్నారు. 1962లో ఆయన ఈ సంగతి రాశాడు. ఇప్పుడు చాలా ప్రయోగాల చివర్లో "ఇదంతా దేనికోసమని మీకనిపించింది?" అని అడుగుతారు. సరిగ్గా ఊహించినవాళ్లను పక్కనపెట్టి లెక్క మళ్లీ వేస్తే, ఫలితం నిలబడుతుందో లేదో తెలుస్తుంది.