హనియా పాత్: అరవై ఏళ్ళు నోరు విప్పని మిల్లు ఊరు

1934 సెప్టెంబరులో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, హనియా పాత్ అనే చిన్న ఊళ్ళో, బట్టల మిల్లు సమ్మెలో కాల్పులకి బలైన ఏడుగురి అంత్యక్రియలు ఆరుబయట పొలంలో జరిగాయి. మిల్లు అండతో నడిచే చర్చిలు తలుపులు తియ్యలేదు. దాదాపు 10,000 మంది వచ్చారంటారు. ఊళ్ళో పిల్లాజెల్లా కలిపి లెక్కేసినా అంతమంది ఉండరు. అంతమంది కళ్ళారా చూసిన సంగతిని ఆ తర్వాత అరవై ఏళ్ళు ఊరు బయటికి మాట్లాడలేదు. షార్లెట్, గ్రీన్‌విల్ వైపు మనవాళ్ళు చాలామంది ఉంటున్నారు. వాళ్ళు కారులో దాటిపోయే పాత ఇటుక మిల్లుల వెనక ఇలాంటి కథలున్నాయి.

ఆ ఊళ్ళో మిల్లు పేరు చికోలా. 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. కొండల్లో చిన్న కమతాలవాళ్ళు, పత్తి కౌలు చేసి అప్పులపాలైనవాళ్ళు కుటుంబాలతో సహా ఇలాంటి మిల్లులకి వలసొచ్చారు. ఇల్లు మిల్లుదే, కొట్టు మిల్లుదే. చర్చికీ బడికీ చందా మిల్లుదే. ఇంట్లో ఎన్ని గదులుంటే పనికి అంతమంది రావాలన్నది చాలా మిల్లుల్లో లెక్క. జుట్టులో దూది నుసి అంటుకుని బయటికొచ్చే వీళ్ళని టౌనులోవాళ్ళు ‘దూది తలలు’ అని వెక్కిరించేవారు. అయితే ఈ పేదరికంలోకి కూడా నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. తెల్లవాళ్ళు పనిచేసే గదిలో వాళ్ళు పనిచెయ్యకూడదని 1915లో రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. ఊడ్చే పని, బేళ్ళు మోసే పని మాత్రమే వాళ్ళకి మిగిలాయి. మగ్గాల దగ్గరికి వాళ్ళు రావడానికి 1960ల దాకా పట్టింది. ఈ సంగతి వదిలేసి మిల్లు ఊళ్ళ కథ చెబితే సగమే చెప్పినట్టు.

గొడవ ముదిరింది ‘స్ట్రెచ్-అవుట్’ దగ్గర. అంటే, కూలి అంతే ఉంచి మనిషికి మగ్గాలు పెంచడం. ప్రతి మగ్గానికీ ఒక మీటరు బిగించారు. అడ్డనూలు మోసే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో అది లెక్కపెడుతుంది. నేతగత్తె మంచినీళ్ళకి పక్కకెళ్ళినా అంకె దగ్గర దొరికిపోతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకడు వెనకే నిలబడి ఉంటే ఎవరికైనా ఎంత టెన్షన్? అప్పట్లో వాళ్ళు రాసిన ఉత్తరాల్లో కూలి ఎంత వినిపిస్తుందో ఈ ఉరుకులాట కూడా అంత వినిపిస్తుంది.

1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం బట్టల మిల్లులకి ఒక నియమావళి తెచ్చింది. వారానికి 40 గంటలే పని, దక్షిణాదిలో కనీస కూలి వారానికి 12 డాలర్లు. కార్మికులు మనసారా నమ్మారు. అయితే దాన్ని అమలు చేసే పెత్తనం మిల్లు యజమానుల సంఘం చేతికే వెళ్ళింది. 55 గంటల్లో చేసే పనిని 40 గంటల్లో చేయించుకున్నారు. అన్యాయం జరుగుతోందని వాషింగ్టన్‌కి వేల ఉత్తరాలు వెళ్తే, ఆ ఫిర్యాదులు తిరిగి తిరిగి ఆ యజమానుల మనుషుల దగ్గరికే చేరాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధనిపించేది ఇదే. తుపాకుల కంటే ముందు వాళ్ళని దెబ్బతీసింది ఈ నమ్మకద్రోహం.

1934 సెప్టెంబరు మొదట్లో సమ్మె మొదలైంది. ఉత్తరాన మెయిన్ రాష్ట్రం నుంచి దక్షిణాన అలబామా దాకా సుమారు 4 లక్షల మంది పని మానేశారు. కార్ల వరసలు కట్టుకుని ఊరూరా తిరిగి మిల్లులు మూయించారు. హనియా పాత్‌లో మేయరూ, మిల్లు సూపరింటెండెంటూ ఒక్కరే, డాన్ బీచమ్. సెప్టెంబరు 6 పొద్దున్నే గేటు దగ్గర సమ్మెలో ఉన్నవాళ్ళూ, లోపలికి వెళ్తామనేవాళ్ళూ ఎదురుపడ్డారు. మగ్గంలో నాడెని కొట్టే కర్రలతో తోపులాట మొదలైంది. మిల్లు తరఫున అప్పటికప్పుడు డెప్యూటీలుగా, అంటే పోలీసు సహాయకులుగా, ప్రమాణం చేసినవాళ్ళు తుపాకులు పేల్చారు. ఏడుగురు పోయారు. ఎక్కువమందికి తూటాలు వీపులోనే తగిలాయి, అంటే పారిపోతున్నవాళ్ళని కాల్చారు. ఎవరికీ శిక్ష పడలేదు.

మూడు వారాలకి సమ్మె విరమించారు. కక్ష సాధించకుండా అందరినీ తిరిగి పనిలోకి తీసుకోండని అధ్యక్షుడు కోరాడు. మిల్లులు వినలేదు. సమ్మె చేసినవాళ్ళ పేర్లు పని ఇవ్వకూడదనే జాబితాలకెక్కాయి, ఇళ్ళు ఖాళీ చేయించారు. మిగిలినవాళ్ళు అదే మిల్లులో, కాల్చిన పక్షంవాళ్ళ పక్క మగ్గం దగ్గరే మళ్ళీ నిలబడ్డారు. సాయంత్రం వెళ్ళేది కూడా ఒకే వీధికి. తిండి పెట్టే మిల్లు అదొక్కటే అయినప్పుడు పిల్లలకి ఏమని చెబుతారు? చెప్పలేదు. ఆ భయంతోనే ‘యూనియన్’ అనే మాట అక్కడ నోటికి రాకుండా పోయింది. సౌత్ కరోలినా ఇప్పటికీ అమెరికాలో యూనియన్ సభ్యులు అతి తక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఒకటి.

1990ల్లో ఈ సమ్మె మీద ఒక డాక్యుమెంటరీ తీస్తే, దాన్ని రాష్ట్ర పబ్లిక్ టీవీ ప్రసారం చెయ్యనంది. ఫ్రాంక్ బీచమ్ అనే జర్నలిస్టు ఆ ఊళ్ళోనే పెరిగాడు. అక్కడ జరిగింది పెద్దయ్యాక గానీ అతనికి తెలియలేదు. డాన్ బీచమ్ అతనికి సొంత తాతే. 1995 మే నెలలో ఊరి పార్కులో ఏడు పేర్లు చెక్కిన రాయి నిలబెట్టారు. ఆ రాయి వచ్చిన ఎనిమిదేళ్ళకి, 2003లో, చికోలా మిల్లు మూతపడింది.