నీళ్లలో రసాయనాయుధాల ఆనవాళ్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: విషవాయువు వాడిన చోటి నీళ్లు తెచ్చి మెషీన్‌లో పెడితే ‘సారిన్’ (నరాలను దెబ్బతీసే విషం) అని చూపించేస్తుంది.

వాస్తవం: సారిన్ నీళ్లలో ఎక్కువ రోజులు నిలవదు. 1994 జూన్‌లో జపాన్‌లోని మత్సుమోతోలో దాడి జరిగాక తీసిన కుంట నీళ్లలో సారినే దొరికింది గానీ, శాంపిల్ సీసా అంత త్వరగా ల్యాబ్‌కి చేరడం అరుదు. సారిన్ విడిపోతే ముందు ఐసోప్రొపైల్ మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం (ఐఎంపీఏ), ఆ తర్వాత చాలా మెల్లగా మిథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం (ఎంపీఏ) వస్తాయి. ల్యాబుల్లో మేం వెతికేది వీటినే.

ఈ ఆమ్లాలు ఆవిరి కావు కాబట్టి ఉన్నవి ఉన్నట్టు జీసీ-ఎంఎస్‌లోకి (రసాయనాలను ఆవిరి చేసి, విడదీసి గుర్తుపట్టే మెషీన్) ఎక్కించలేం. నీళ్లు పూర్తిగా ఆరగొట్టి, అడుగున మిగిలినదానికి బీఎస్‌టీఎఫ్‌ఏ లాంటి సిలైలేషన్ రియేజెంట్ (ఆమ్లాలను ఆవిరయ్యే రూపంలోకి మార్చే రసాయనం) కలిపి వేడిచేయాలి. హైదరాబాద్ బోరు నీళ్లలాంటి కఠినజలం వచ్చిందా, ఇక్కడే దెబ్బ తింటాం. కాల్షియం, మెగ్నీషియం ఆ ఆమ్లాలను లవణాలుగా పట్టేసుకుంటాయి, రియేజెంట్‌కి పని దొరకదు. అందుకే ముందు కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచే క్యాటయాన్ ఎక్స్ఛేంజ్ కార్ట్రిడ్జ్ గుండా పోనివ్వాలి. ఆ పని ఎగ్గొడితే పీక్ (రసాయనం ఉందని చూపే గ్రాఫు శిఖరం) రాదు, రిపోర్టులో ‘ఏమీ లేదు’ అని పడుతుంది. ఆవిరి చేయకుండా ద్రవంలోనే విడదీసే ఎల్‌సీ-ఎంఎస్‌లో ఈ తతంగం చాలావరకు తప్పుతుంది గానీ, ఉప్పు ఎక్కువైతే అక్కడా సిగ్నల్ అణిగిపోతుంది.

అపోహ: ఎంపీఏ దొరికితే సారిన్ వాడినట్టే.

వాస్తవం: తొందరపడకండి. సోమన్, వీఎక్స్ అనే వేరే నరాల విషాలు కూడా చివరికి ఎంపీఏనే అవుతాయి. మంటలు అంటుకోకుండా వాడే డైమిథైల్ మిథైల్ ఫాస్ఫోనేట్ నుంచీ అది రావచ్చు. అసలు గుట్టు విప్పేది మధ్యలో వచ్చే ఐఎంపీఏ. ఐసోప్రొపైల్‌కి బదులు ఇథైల్ రూపమైతే వీఎక్స్ వైపు, పినకోలైల్ రూపమైతే సోమన్ వైపు చూడాలి. ఒంటిపై బొబ్బలెక్కించే మస్టర్డ్ అనే రసాయనాయుధం విడిపోతే వచ్చే థయోడైగ్లైకాల్‌కి ఇంకుల్లో, అద్దకాల్లో మామూలు వాడకం ఉంది. అద్దకం యూనిట్ పక్క కాలువలో అదొక్కటే కనిపిస్తే నేనైతే కంగారుపడను.

అపోహ: కొన్నేళ్లు గడిస్తే ఆధారాలు చెరిగిపోతాయి.

వాస్తవం: కార్బన్-ఫాస్ఫరస్ బంధం మొండిది. ఇరాక్‌లోని కుర్దుల ఊరు బిర్జిన్నీ మీద 1988 ఆగస్టులో బాంబులు పడ్డాయి. 1992లో ఆ గుంతల్లోంచి తీసిన మట్టిలో బ్రిటన్‌లోని పోర్టన్ డౌన్ ల్యాబ్ ఐఎంపీఏ, ఎంపీఏ రెండూ పట్టుకుంది. మట్టి కాబట్టి నిలిచాయి. పారే నీళ్ల మీద అంత ఆశ పెట్టుకోలేం.

అపోహ: ఈ ల్యాబుల్లో రోజూ విషంతోనే పని.

వాస్తవం: ఐఎంపీఏ, ఎంపీఏ, థయోడైగ్లైకాల్ లాంటివాటి విషతీవ్రత అసలు ఏజెంట్లతో పోలిస్తే చాలా తక్కువ.

అపోహ: ఒక్క పీక్ చాలు, కేసు తేలిపోతుంది.

వాస్తవం: హేగ్‌లోని రసాయనాయుధాల నిషేధ సంస్థ ఓపీసీడబ్ల్యూ దానికి ఒప్పుకోదు. కనీసం రెండు వేర్వేరు పద్ధతుల ఫలితాలు ఒకేమాట చెప్పాలి. ల్యాబులకు అది పెట్టే పరీక్షల్లో గడువు 15 రోజులు. గ్వాలియర్ డీఆర్‌డీఈ, హైదరాబాద్ ఐఐసీటీ ల్యాబులు ఈ పరీక్షలు దాటి దాని జాబితాకెక్కినవే. కావాలనే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే అడ్డు రసాయనం కలిపిన శాంపిళ్లు పంపడమూ ఉంది, మెషీన్ గీసే గ్రాఫు (క్రోమటోగ్రామ్) నిండా దాని పీకులే, మనకు కావలసింది ఎక్కడో వాటి చాటున ఉంటుంది. కంగారులో లేని రసాయనాన్ని ఉందని రాశామా, మిగతావన్నీ సరిగ్గా పట్టినా ఆ పరీక్ష ఫెయిలే.