"17 అన్నారు, 11 కూడా రావట్లేదు": ఎస్‌యూవీ మైలేజీ, అపోహలు - వాస్తవాలు

అపోహ: కంపెనీ చెప్పిన మైలేజీ రావట్లేదంటే బండిలో ఏదో లోపం ఉన్నట్టే.

వాస్తవం: కొత్త ఎస్‌యూవీతో మొదటి సర్వీసుకు వచ్చేవాళ్లలో చాలామంది నోట ముందు వచ్చే మాట ఇదే. ఈఎంఐ కడుతూ కొనుక్కున్న బండి, కంగారు పడటం సహజం. కానీ ఆ కంగారుతోనే ఇంజెక్టర్ క్లీనింగ్ అని, డీకార్బనైజింగ్ (ఇంజన్ లోపలి మసి తీయడం) అని, ట్యాంకులో పోసే మందు సీసాలని వేలకు వేలు తగలేస్తున్నారు. కొత్త బండికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఓబీడీ సాకెట్లో (మెకానిక్ స్కానర్ పెట్టే చోట) గుచ్చే 'ఫ్యూయల్ సేవర్'ల జోలికి అసలు పోకండి.

బ్రోచర్‌లోని 17 రోడ్డు మీద తేల్చిన అంకె కాదు. ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి, 1180 సెకన్లు నడిపి కొలుస్తారు. మొత్తం దూరం 11 కిలోమీటర్ల లోపే, వేగం ఎక్కడా 90 దాటదు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది, అంతవరకే. అదే పెట్రోల్ ఎస్‌యూవీ ఏసీతో అమీర్‌పేట ట్రాఫిక్‌లో 10-11 ఇస్తే బండి బాగున్నట్టే.

అసలు ఆ 11 ఎలా తేల్చారన్నది ఇంకో ప్రశ్న. మీటర్లో కనిపించే సగటు కంప్యూటర్ అంచనా, తరచూ ఎక్కువే చూపిస్తుంది. పెట్రోల్ గేజ్ గీతలు చూసి లెక్కేస్తే మరీ తప్పు, ట్యాంకు ఆకారం వల్ల అన్ని గీతలకూ ఒకే కొలత ఉండదు. ఫుల్ ట్యాంక్ కొట్టించి, నాజిల్ మొదటిసారి కట్ అవ్వగానే ఆపించండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్ వరకే పోయించండి. 412 కిలోమీటర్లకు 36.8 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ 11.2. ఇలా మూడు ట్యాంకులు రాసుకోండి. కట్ అయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చేయి బాబూ" అంటే లెక్క తప్పడమే కాదు, పెట్రోల్ పొంగి, దాని ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్‌లోకి పోతే అది పాడవుతుంది.

మీ బండి పాత సగటు కంటే మూడు ట్యాంకులూ 15 శాతం తక్కువ వస్తే అప్పుడు వెతకాలి. మొదట టైర్ల గాలి. బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ ప్రకారం చూడండి. నలుగురికి, ఏడుగురికి వేర్వేరు అంకెలు ఉంటాయి. తర్వాత బ్రేకులు. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మిగతావాటికంటే బాగా వేడి కొడుతుంటే కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసిందన్నమాట. రిమ్‌ను నేరుగా ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. ఆపైన ఎయిర్ ఫిల్టర్. చాలామంది వదిలేసేది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. హైవే మీద అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకపోతే అది తెరుచుకుని ఉండిపోయినట్టు. ఇంజన్ చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పంపిస్తూనే ఉంటుంది.

డీజిల్ బీఎస్6 అయితే ఒక్క ట్యాంకులో పడిపోయిందని బెదరకండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసిని కాల్చుకునేటప్పుడు అదనంగా డీజిల్ తాగుతుంది. రోజూ మూడు కిలోమీటర్ల స్కూల్ ట్రిప్పులే అయితే అది మాటిమాటికీ జరుగుతుంది.

ఇక మిగతా అపోహలు.

'ఈ20 వల్ల మైలేజీ సగమైంది.' కాలేదు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి తక్కువ, నిజమే. 10 శాతమే కలిపిన ఈ10తో పోలిస్తే ఆ తేడా 3-4 శాతం. 12 ఇచ్చే బండి 11.6కు దిగొచ్చు. 8కి పడిందంటే పైన చెప్పినవి చూడాలి.

'పొద్దున్నే కొట్టిస్తే ఎక్కువ వస్తుంది.' బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా రాదు. కొలత మీద అనుమానం ఉంటే బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, కొలిచి చూపించమని అడగండి.

'110లో పోయినా 80లో పోయినా టాప్ గేరే కదా.' బండికి ఎదురయ్యే గాలి ఒత్తిడి 80తో పోలిస్తే 110 దగ్గర దాదాపు రెట్టింపు. పైన క్యారియర్ ఉంటే ఇంకా ఎక్కువ.

'ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే ఆదా.' పూర్తిగా తప్పు, ప్రమాదం కూడా. గేరులో ఉంచి ఆక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా పెట్రోల్ పోస్తూనే ఉండాలి, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. శ్రీశైలం ఘాట్‌లో నిండు బండితో అలా దిగితే ప్యాడ్లు వేడెక్కి, పెడల్ తొక్కినా బండి ఆగని పరిస్థితి వస్తుంది. రెండో గేరో మూడో గేరో వేసుకునే దిగండి.