డ్రోన్ ఫొటోకు కొలబద్ద ఎక్కడిది?

2025 ఫిబ్రవరి 18న మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో కేంద్ర ప్రభుత్వం ‘నక్షా’ పేరుతో పట్టణ భూముల సర్వేను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. 26 రాష్ట్రాలు, 3 కేంద్రపాలిత ప్రాంతాల్లో 152 పట్టణాలను ఇందుకు ఎంచుకున్నారు. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాలతో పాటు ఏటవాలు కెమెరాలను, కొన్నిచోట్ల లేజరు కిరణాలతో దూరం కొలిచే లైడార్‌ను కూడా ఇందులో వాడుతున్నారు. పట్టణంలో ఇంటి కప్పు ఒక్కటే కనిపిస్తే చాలదు. గోడలూ కనిపించాలి, ఎత్తూ తెలియాలి. పల్లె ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచే ‘స్వామిత్వ’ పథకం 2020 ఏప్రిల్ 24న వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే మొదలైంది. అప్పటి నుంచి రెవెన్యూ కార్యాలయాల్లో ‘డ్రోన్ కొలిచింది’ అనే మాట తీర్పులా వినిపిస్తోంది. కానీ డ్రోన్ ఫొటో మాత్రమే తీస్తుంది. ఆ ఫొటో కొలతగా మారడానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది, ఒక షరతూ ఉంది.

ఫొటోలో ఒక బిందువు కనిపించిందంటే కెమెరా నుంచి అది ఏ దిశలో ఉందో తెలిసినట్టే, ఎంత దూరంలో ఉందో మాత్రం తెలియదు. అదే బిందువును మరో చోటి నుంచి తీసిన ఫొటోలోనూ గుర్తుపడితే రెండు దిశారేఖలు ఖండించుకునే చోట దాని స్థానం తేలుతుంది. సర్వేయర్లకు ఇది పాత విద్యే. 1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ నుంచి పెరుంబాకం వరకు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచి, ఆ తర్వాత కోణాలతోనే త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. (ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ 1818లో ఈ లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరింది హైదరాబాద్‌లోనే.) ఎన్ని వందల త్రిభుజాలు అల్లినా వాటికి పొడవు వచ్చేది మాత్రం అడపాదడపా నేల మీద గొలుసు పరిచి కొలిచిన కొద్ది రేఖల నుంచే. ఫొటోకూ షరతు ఇదే: కోణాలను చిత్రం ఇస్తుంది, పొడవును నేల ఇవ్వాలి.

ఈ విద్యను కెమెరాకు ముడిపెట్టిన తొలివారిలో ఇద్దరు ముఖ్యులు. ఫ్రెంచి సైనిక ఇంజనీరు ఎమే లోసెదా 1850ల నుంచే చిత్రాలతో పటాలు గీసే ప్రయత్నాలు చేశాడు. 1858లో జర్మనీలోని వెట్స్‌లార్ చర్చిని కొలుస్తూ ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. గోడ ఎక్కకుండా ఫొటో మీదే కొలవలేమా అన్న ఆలోచన అతనికి అప్పుడే పట్టుకుంది. ఫొటోల నుంచి కొలతలు తీసే ఈ విద్యకు ఫొటోగ్రామెట్రీ అనే పేరు అతను పెట్టిందే. కట్టడాలను ఇలా నమోదు చేయడానికి 1885లో బెర్లిన్‌లో ఒక ప్రభుత్వ సంస్థే ఏర్పడింది.

1901లో జర్మనీలోని యెనాలో కార్ల్ పుల్‌ఫ్రిష్ రూపొందించిన స్టీరియో కంపారేటర్ జంట ఫొటోలను రెండు కళ్లతో ఒకేసారి చూసి ఎత్తుపల్లాలు కొలిచే వీలు కల్పించింది. మొదటి ప్రపంచ యుద్ధం విమానాలకు కెమెరాలు తగిలించింది. భారత్‌లో విమానం నుంచి తీసిన ఏరియల్ ఫొటోలను చదవడం నేర్పే సంస్థ నెదర్లాండ్స్ సహకారంతో 1966లో డెహ్రాడూన్‌లో వచ్చింది. నేటి ఐఐఆర్‌ఎస్ (భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ) అదే. 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ హైదరాబాద్‌ను కేంద్రం చేసుకుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలున్నాయి: ఒకటి 26 డిగ్రీలు ముందుకు, మరొకటి 5 డిగ్రీలు వెనక్కు వంగి ఒకే నేలను రెండు కోణాల నుంచి చూసేవి. పుల్‌ఫ్రిష్ జంట ఫొటోల సూత్రమే అంతరిక్షానికి ఎక్కింది.

అప్పటికే మరోవైపు నుంచి కంప్యూటర్ పరిశోధకులు ఈ రంగంలోకి వచ్చేశారు. వేర్వేరు ఫొటోల్లో ఒకే బిందువును యంత్రమే గుర్తుపట్టే పద్ధతిని కెనడాలో డేవిడ్ లోవ్ 1999లో ప్రకటించాడు. 2009లో సమీర్ అగర్వాల్ బృందం, ఎవరెవరో తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన రోమ్ నగరపు లక్షన్నర ఫొటోలను సుమారు 500 ప్రాసెసర్ కోర్లతో ఒక్క రోజులోపే జతచేసి త్రిమితీయ రూపాలు కట్టింది. కెమెరాల స్థానాలనూ బిందువుల స్థానాలనూ ఒకేసారి సరిదిద్దే గణితం ఈ పనికి వెన్నెముక. దాన్ని డ్యువేన్ బ్రౌన్ 1950ల చివర్లో, అమెరికా క్షిపణులను కెమెరాలతో వెంటాడి కొలిచే పనిలో ఉండగా రూపొందించాడు. కంప్యూటర్ విజన్ వాళ్లు దీన్ని కొంత ఆలస్యంగా కనుగొన్నారని సర్వే పండితులు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఆ దెప్పిపొడుపులో న్యాయం లేకపోలేదు.

సర్వే వాళ్లవీ కంప్యూటర్ వాళ్లవీ రెండు ధోరణులూ ఎదురెదురుగా నిలిచిన ఉదాహరణ అఫ్గానిస్తాన్‌లోని బామియాన్. 2001 మార్చిలో తాలిబన్లు అక్కడి బుద్ధ విగ్రహాలను పేల్చేశాక, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఆర్మిన్ గ్రూన్ బృందం ఫొటోల నుంచి పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టింది. ఇంటర్నెట్ ఫొటోలతోనూ రూపం వచ్చింది. కొలతకు నిలిచే నమూనాను ఇచ్చింది మాత్రం 1970లో ఆస్ట్రియా ఆచార్యుడు రాబర్ట్ కోస్ట్కా సర్వే కెమెరాతో అక్కడే తీసిన కొద్ది ఫొటోలు. 2020లో వచ్చిన నెర్ఫ్, 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ అనే కంప్యూటర్ పద్ధతులు ఫొటోల నుంచి కళ్లు చెదిరే త్రిమితీయ దృశ్యాలను కడతాయి. అయినా ఫొటోలను మాత్రమే ఇస్తే అవి కట్టిన గుడి నిజం గుడో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ గుడో వాటికీ తెలియదు.

రీసర్వేలో ఆ పొడవును ఇచ్చేవి నేల మీద గుర్తుపెట్టిన నియంత్రణ బిందువులు, ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే కార్స్ స్టేషన్లు. వాటి వల్ల స్థానం సెంటీమీటర్ల మేరకు తేలుతుంది. అయితే ఏ స్థానం? డ్రోన్‌కు కనిపించేది గట్టు, హద్దు కాదు. చెట్టు కింద ఉంటే ఆ గట్టూ కనిపించదు. ఇంటి విషయంలో చూరు కనిపిస్తుంది, గోడ దాని కింద దాగి ఉంటుంది. స్వామిత్వలో డ్రోన్ ఎగిరే ముందే ఇళ్ల హద్దుల వెంట సున్నం గీతలు గీయిస్తున్నారంటే కారణం ఇదే. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు ఒప్పుకొని నేల మీద గీసిన గీతనే డ్రోన్ ఫొటో తీస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో తగాదాలు ఎక్కువగా పుట్టింది ఇక్కడే. పాత ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు) మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో 66 అడుగుల గొలుసుతో కొలిచి గీసినవి. తరతరాల పంపకాలు, అమ్మకాలు చాలావరకు సబ్‌డివిజన్‌గా పటమెక్కలేదు. కొత్త కొలత పాత కాగితంతో కలవకపోవడంలో వింత లేదు. కొన్ని గ్రామాల్లో పలువురి కమతాలను కలిపి జాయింట్ ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్, అంటే కమతం పటం) నంబర్లు ఇచ్చారు, విస్తీర్ణం తగ్గిందని అర్జీలు కుప్పలుగా వచ్చాయి, 2024లో ప్రభుత్వం మారాక గ్రామసభలు పెట్టి వాటిని స్వీకరించారు. నా ఉద్దేశంలో ఇది కెమెరా వైఫల్యం కాదు. డ్రోన్ ఎగరడం రోజుల పని. రైతులను వెంటబెట్టుకుని గట్టు గట్టూ తిరిగే గ్రౌండ్ ట్రూతింగ్ నెలల పని. తొందరపడింది ఆ రెండో పనిలోనే.

పట్టణాల్లో చిక్కు ఇంకో అంతస్తు ఎక్కుతుంది. ఏటవాలు కెమెరాలు అపార్ట్‌మెంటు బయటి గోడలను, ఎత్తును చక్కగా పట్టుకుంటాయి. లోపల ఏ ఫ్లాటు ఎక్కడ ముగిసి పక్క ఫ్లాటు ఎక్కడ మొదలవుతుందో వాటికి కనిపించదు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఫ్లాటు యజమాని పేరున రాసేది కూడా నేలలో కొన్ని గజాల అవిభాజ్య వాటా. అది ఆ స్థలంలో ఏ మూల ఉందని చూపించే గీత ఏ పటంలోనూ లేదు.