డాట్‌నెట్‌లో 0.1 + 0.2: పదిహేను అంకెల వెనక దాగిన తేడా

మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ పాత రూపమైన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో, దశాంశ సంఖ్యలు దాచే డబుల్ రకంతో 0.1 + 0.2 కూడి తెరమీద చూపిస్తే 0.3 వచ్చేది. అదే కోడ్‌ను 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0 మీద నడిపితే 0.30000000000000004 కనిపిస్తుంది. వెర్షన్ మార్చగానే లెక్క చెడిందనిపిస్తుంది గానీ, లెక్క మారలేదు. ఆ మొత్తాన్ని 0.3తో సమానమా అని అడిగితే పాతదైనా కొత్తదైనా కాదనే చెబుతుంది. మారింది చూపించే తీరు. పాతది 15 అంకెలకు కుదించి చూపేది. కొత్తది, తిరిగి చదివితే అచ్చంగా అదే విలువ రావడానికి ఎన్ని అంకెలు కావాలో అన్నీ చూపుతుంది. ఇది మంచి మార్పే, ఎందుకంటే దాగిన తేడా టెస్టింగ్‌లోనే కంటపడుతుంది.

తేడాకు మూలం, కంప్యూటర్లు దశాంశ సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణంలో ఉంది. డబుల్‌లో 64 బిట్లు: గుర్తుకు 1, ఘాతానికి 11, భిన్నానికి 52. పదో వంతును 2 యొక్క ఘాతాల (1/2, 1/4, 1/8 లాంటివి) మొత్తంగా రాయబోతే అంతుండదు, ఎక్కడో తెంపక తప్పదు. అందుకే 0.1 అని రాసినా లోపల నిలిచేది 0.1000000000000000055 చిల్లర.

డబ్బు లెక్కలకు ఇది పనికిరాదని ముందే తెలుసు. డాట్‌నెట్‌కు ముందున్న మైక్రోసాఫ్ట్ భాష విజువల్ బేసిక్ 6లో కరెన్సీ అనే రకం ఉండేది: విలువను 10,000తో హెచ్చించి 64 బిట్ల పూర్ణాంకంగా దాచేది, దశాంశం తర్వాత నాలుగు స్థానాలే. 2002లో వచ్చిన డాట్‌నెట్ దాన్ని వదిలి డెసిమల్‌ను ముందుకు తెచ్చింది. ఇందులో 128 బిట్లు. 96 బిట్ల పూర్ణాంకం, గుర్తు, దశాంశ బిందువు ఎక్కడో చెప్పే 0 నుంచి 28 వరకూ ఒక సంఖ్య. 0.1m + 0.2m (చివరి m అంటే ఇది డెసిమల్ అని) ఇక్కడ నిఖార్సైన 0.3. అయితే 1ని 3తో భాగించి మళ్లీ 3తో హెచ్చిస్తే 1 రాదు, వరసగా 28 తొమ్మిదులు వస్తాయి. ప్రాసెసర్ దీన్ని నేరుగా చేయదు కాబట్టి డబుల్ కంటే నెమ్మది కూడా.

ఎక్కువగా దెబ్బతినేది మార్పిడిలో. డబుల్‌ను డెసిమల్‌గా మారిస్తే 15 అంకెలకే కుదిస్తుంది, మిగతావి చప్పుడు లేకుండా పోతాయి. అంకె చివర m పెట్టడంతో సరిపెట్టకుండా, డేటాబేస్ కాలమ్ నుంచి తెరదాకా మధ్యలో ఎక్కడా డబుల్ దూరకుండా చూసుకోవాలి. ఇంకొకటి: సంఖ్యను దగ్గరి పూర్ణాంకానికి మార్చే మ్యాథ్ రౌండ్‌కు ఏమీ చెప్పకపోతే 2.5ను 2 చేస్తుంది, సగాన్ని సరిసంఖ్య వైపు తోస్తుంది. 3 కావాలంటే ‘అవే ఫ్రమ్ జీరో’ (AwayFromZero) అని విడిగా రాయాలి.